వరదమ్మ చేతిలో వీణ

కాకినాడలో పళ్ల డాక్టరు మద్దూరి భీమశంకరానికి పాత ఫొటోల పిచ్చి ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. అన్ని రకాల ఫొటోలూ కాదు, సంగీత విద్వాంసులవి మాత్రమే. అందులోనూ వాళ్లు పోయి చాలా కాలమై, మనవలు అటక మీద పడేసి మరిచిపోయినవైతే ఆయనకు మరీ ఇష్టం. ఫిడేలు వాళ్లు, మృదంగం వాళ్లు, సన్నాయి వాళ్లు, గాత్రం వాళ్లు అందరూ ఉండేవారు ఆయన గదిలో. జరీ తలపాగాలతో, చెవులకు పోగులతో, పూలకుండీలూ మేడమెట్లూ రంగులతో వేసిన తెర ముందు బిగుసుకుని కూర్చుని ఉండేవారు. ఆ రోజుల్లో కెమెరా ముందు కాస్త కదిలినా మొహం అలుక్కుపోయేది కాబట్టి ఎవరూ నవ్వేవారు కారు, పెదవి విప్పేవారు కారు. పగలంతా జనం చేత నోళ్లు తెరిపించే మనిషికి సాయంత్రం ఈ మూసిన నోళ్ల సావాసం హాయిగా ఉంటుంది కాబోలని ఆయన భార్య రాజ్యం సరిపెట్టుకుంది.

పన్ను పీకించుకోవడానికి ఎవరు వచ్చినా, ఇంజెక్షన్ ఇచ్చి, చిగురు మొద్దుబారే లోపల, "మీ ఇంట్లో పాత ఫొటోలేమైనా ఉన్నాయాండీ?" అని అడిగేవాడు. ఆ సమయంలో లేవని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. అలా చాలా పోగయ్యాయి.

వాటన్నిటిలో ఆయన ప్రాణం పెట్టుకున్న ఫొటో ఒకటుంది. అది ఆత్మకూరి వరదమ్మది. నూరేళ్ల కిందట ఆవిడ పాడుతోందంటే గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారట. గ్రామఫోను కంపెనీ వాళ్లు ఇంటికి వచ్చి అడిగినా, గొట్టంలోకి పాడనని తిప్పి పంపేసిందట. అందుకని ఆవిడ గొంతు ఎక్కడా మిగల్లేదు. మిగిలింది ఈ ఒక్క ఫొటో. కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఉన్నవాణ్ని ఇక నువ్వు వెళ్లొచ్చు అన్నట్టు చూస్తూ ఉంటుంది.

దాన్ని ఇచ్చింది వరదమ్మ మనవరాలు తాయారమ్మ. ఎనభై దాటిన మనిషి. పై దవడకు కట్టుడు పళ్లు పెట్టించుకోవడానికి వచ్చి, పని అయ్యాక చీరకొంగులోంచి ఆ ఫొటో తీసి డాక్టరు చేతిలో పెట్టింది. "మా అమ్మమ్మని ఊరంతా మరిచిపోయింది బాబూ. నలుగురూ చూసే చోట పెట్టు. ఫలానా ఆవిడ, ఇలా పాడేది అని ఒక్క ముక్క చెప్పు. అంతకన్నా నాకేం వద్దు," అంది. డాక్టరు సరేనన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి పడ్డ పాట్లే ఈ కథ.

ఆ సమయంలోనే ప్రభుత్వంలో ఒక పెద్దాయన విదేశాలకు వెళ్లాడు. అక్కడ ఒక హాల్లో గోడల నిండా ఆ దేశపు సంగీతకారుల పాత ఫొటోలు చూశాడు. మనకెందుకు లేవు అని తిరుగు ప్రయాణంలో విమానంలోనే బాధపడ్డాడు. ఆయన దిగేసరికి విజయవాడలో ప్రాచీన సంగీత ఛాయాచిత్ర సంరక్షణ మండలి ఏర్పడింది. దానికి దామరాజు పుండరీకాక్షం గారు అధ్యక్షులయ్యారు. సంగీతంతో ఆయనకు దగ్గర సంబంధమే ఉంది. ఎన్నో కచేరీలకు అధ్యక్షత వహించి, కచేరీ మొదలవగానే వేరే పని ఉందని వెళ్లిపోయిన అనుభవం ఆయనది. సభ్యకార్యదర్శిగా యర్రమిల్లి పశుపతి అనే అధికారిని వేశారు. ఆయన అంతకు ముందు చేపల చెరువుల శాఖలో ఉండేవాడు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు.

మండలి ఒక ఫొటో గ్యాలరీ కట్టబోతోందన్న కబురు పేపర్లో చదివి భీమశంకరం ఎగిరి గంతేశాడు. తన ఇంటి గదిలో నలుగురు చూస్తారు, రాష్ట్రం కట్టే గ్యాలరీలో లక్షలమంది చూస్తారు. తాయారమ్మను అడిగాడు. ఆవిడ సంతోషించింది. మొత్తం ఫొటోలన్నీ మెత్తటి బట్టల్లో చుట్టి, కార్లో పెట్టుకుని తీసుకెళ్లి మండలికి ఇచ్చేశాడు. ఖాళీ అయిన గది చూసి రాజ్యం, ఇంత త్వరగా ఇచ్చెయ్యాల్సింది కాదేమోనంది. గోడలు బోసిగా ఉన్నాయని అంటోంది కాబోలనుకున్నాడాయన.

కృతజ్ఞతగా మండలి ఆయన్ను సలహాదారుగా వేసుకుంది. మొదటి సమావేశంలోనే ఒక ప్రశ్న వచ్చింది. ఫొటోలో ఉన్న మనిషి సంగీత విద్వాంసుడేనని మనకు ఎలా తెలియాలి? రేపు ఎవరైనా కోర్టుకు వెళితే? భీమశంకరం తనకు తెలిసిన మార్గాలు చెప్పాడు. వంశం వాళ్లను అడగొచ్చు, పాత కరపత్రాలు చూడొచ్చు, ఫొటో వెనకాల రాసినవి చదవొచ్చు అన్నాడు. ఇవన్నీ వ్యక్తుల అభిప్రాయాలనీ, ప్రభుత్వం అభిప్రాయాల మీద నడవదనీ పుండరీకాక్షం గారు సెలవిచ్చారు. తరవాత కొంతసేపు కళ్లు మూసుకుని, "చేతిలో వాద్యం ఉంటే విద్వాంసుడు. లేకపోతే వట్టి మనిషి," అన్నారు.

అంతా బల్లలు చరిచారు. పశుపతి దాన్ని నిబంధన భాషలోకి మార్చాడు. 'ఛాయాచిత్రమునందు వాద్యము స్పష్టముగా గోచరించని యెడల సదరు వ్యక్తిని విద్వాంసునిగా పరిగణించరాదు.' అది ఏడవ నిబంధన అయింది.

గాత్రం వాళ్ల సంగతేమిటని భీమశంకరం అడిగాడు. వాళ్ల వాద్యం గొంతులోనే ఉంటుంది కదా, అది ఫొటోలో ఎలా కనిపిస్తుంది అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉందని అధ్యక్షులవారు ఒప్పుకున్నారు. నిబంధనకు సవరణ వచ్చింది. గాత్ర విద్వాంసులైతే ఫొటోలో నోరు తెరిచి ఉండాలి.

అప్పటి ఫొటోల్లో నోరు తెరిచిన మనిషి ఉండడని డాక్టరు మొత్తుకున్నాడు. సవరణ అయిపోయింది కాబట్టి వెతికారు. మొత్తం మీద ఒక్కడు దొరికాడు. ఆ మనిషి పాడుతున్నాడా, మరేమైనా చేస్తున్నాడా అన్నది వైద్యుడి హోదాలో తేల్చమని ఫొటో భీమశంకరం చేతికిచ్చారు. ఆయన భూతద్దంతో చూసి, ఎడమ దవడ వాచి ఉందనీ, ఇది పంటి నొప్పనీ చెప్పాడు. మండలి ఆ అభిప్రాయాన్ని గౌరవంగా స్వీకరించి, ఆయన్ను కరుణరస గాయకుడిగా నమోదు చేసింది.

మిగిలిన గాయకులంతా వట్టి మనుషులయ్యారు. వరదమ్మ ఫొటో మీద 'గుర్తింపు లేని స్త్రీ' అని చీటీ అంటించి స్టోర్ రూముకి పంపారు.

భీమశంకరం ఆ రాత్రి కారులో కాకినాడ చేరాడు. తాయారమ్మకు ఏం చెప్పాలో తెలియక, దారి మార్చి ఆవిడ ఇంటి వీధి తప్పించి ఇంటికి వచ్చాడు.

గోడలు పెద్దవి, గుర్తింపు పొందిన ఫొటోలు తక్కువ. అందుకని జిల్లాలన్నిటికీ ఉత్తర్వులు వెళ్లాయి. వాద్యంతో ఉన్న పాత ఫొటో ఎవరి ఇంట్లో ఉన్నా తెచ్చి ఇవ్వాలి, ఇచ్చినవారిని వారసులుగా శాలువాతో సత్కరిస్తారు. అప్పుడు మొదలైంది వరద. ముఖ్యంగా కాకినాడ చుట్టుపక్కల నుంచి. వీణ పట్టుకుని కూర్చున్న మగవాళ్లు, ఆడవాళ్లు, ముసలివాళ్లు, కొత్త దంపతులు కట్టలు కట్టలుగా వచ్చిపడ్డారు. ఒక్క ఊరి చుట్టూ ఇంతమంది వైణికులు ఉండేవారని ఎవరికీ తెలియదు. పైగా అందరి చేతిలోనూ ఉన్నది ఒకే వీణ. కొసన ఉండే సింహం తలకు ఒక చెవి విరిగి ఉంది. అందరి ఫొటోలోనూ అదే విరిగిన చెవి.

మండలిలో ఉత్సాహం ఉప్పొంగింది. ఇది మామూలు వీణ కాదు, గురువు నుంచి శిష్యుడికి తరతరాలుగా చేతులు మారిన వీణ అని అధ్యక్షులవారు కనిపెట్టారు. వాళ్లందరూ ఒకే సంప్రదాయానికి చెందినవారు. ఫొటోలు ఎక్కువగా వచ్చిన కాకినాడ పేట పేరు మీద ఆ సంప్రదాయానికి జగన్నాథపురం బాణీ అని పేరు పెట్టారు. ఫొటోలను దగ్గరగా చూసిన కొద్దీ ఆ బాణీ విశేషాలు బయటపడ్డాయి. ఆ వీణకు మెట్లు లేవు. కొందరు ఎడమ వైపు, కొందరు కుడి వైపు పట్టుకున్నారు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఏ ఒక్కరి వేలూ తీగెను తాకడం లేదు. తాకీ తాకని ఆ మృదుత్వం ప్రపంచంలో మరే వీణావాదన పద్ధతిలోనూ లేదని అధ్యక్షులవారు ప్రకటించారు.

భీమశంకరానికి ఆ వీణ చరిత్ర బాగా తెలుసు. జగన్నాథపురం వంతెన దగ్గర రంగయ్యనాయుడి ఫొటో స్టూడియో ఉండేది. వచ్చినవాళ్లు ఉత్త చేతులతో ఏం చెయ్యాలో తెలియక తికమకపడుతుంటే, పట్టుకోవడానికని నాయుడు కొన్ని వస్తువులు పెట్టాడు. ఒక లావు పుస్తకం, ఒక చేతికర్ర, వడ్రంగి చేత తేలిక కలపతో చేయించిన ఒక ఉత్తుత్తి వీణ. దానికి తీగెలు కూడా లేవు, నూలు దారాలు బిగించాడు. ముట్టుకుంటే తెగిపోతాయని ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. భీమశంకరం తాతగారు రామకోటయ్య కూడా ఆ వీణతో ఫొటో దిగాడు. ఆయన బెల్లం వ్యాపారి. పక్కింట్లో పెళ్లికి సన్నాయి మోగితే కిటికీలు మూయించే మనిషి.

ఆ ఫొటో పట్టుకుని డాక్టరు మండలికి వెళ్లాడు. అందరి ముందూ పెట్టి, ఇది మా తాత, ఈయనకు సరిగమలు కూడా తెలియవు, ఇది స్టూడియో వాడి బొమ్మ వీణ అని వివరించి చెప్పాడు. అధ్యక్షులవారు ఫొటోను చాలాసేపు చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"డాక్టరు గారూ, మీ వినయం నాకు నచ్చింది. ఎంత గొప్ప వంశం నుంచి వచ్చి కూడా చెప్పుకోరు," అన్నారు.

ఆ సాయంత్రానికల్లా మద్దూరి రామకోటయ్య జగన్నాథపురం బాణీకి మూలపురుషుల్లో ఒకడయ్యాడు. ఆయన వాదనలో ఒక తీపి ఉండేదని వ్యాసం వచ్చింది. బెల్లం సంగతి తప్ప అందులో నిజమేమీ లేదు. ఊళ్లో జనం భీమశంకరాన్ని ఆపి అభినందించసాగారు. కాదని చెబితే, అంత గర్వం పనికిరాదన్నారు. చివరికి ఆయన వాదించడం మానేశాడు. రాజ్యం మాత్రం మామగారి తండ్రి ఫొటో ముందు అగరొత్తులు వెలిగిస్తూ, "పోనీలెండి, బతికుండగా ఎవరూ ఒక్క మంచిమాట అనలేదు ఆయన్ని," అంది.

సంగీత కళాశాలలో కొత్త బాణీని వెంటనే నేర్పాలని ఆదేశాలు వెళ్లాయి. మెట్లు లేని వీణలు చేయించారు. తీగెను తాకకుండా వాయిస్తే శబ్దం ఎలా వస్తుందని అక్కడి వీణ మేష్టారు రాసి అడిగాడు. ధ్వని విషయమై ప్రత్యేక ఉత్తర్వులు వెలువడతాయనీ, అంతవరకు అభ్యాసం కొనసాగించాలనీ జవాబు వచ్చింది. పిల్లలు మొదట్లో నవ్వారు. పరీక్షల్లో అందరూ పాసవడంతో గంభీరంగా సాధన చేయడం మొదలుపెట్టారు.

గ్యాలరీ ప్రారంభోత్సవం దగ్గరపడింది. ఒకరోజు పశుపతి ఫోన్ చేశాడు. వరదమ్మ గారి విషయంలో మండలి సానుభూతితో ఆలోచించిందనీ, దారి దొరికిందనీ చెప్పాడు. కంప్యూటర్లో ఆవిడ ఒళ్లో ఒక వీణ పెడతారు. చేతులు ఎలాగూ ఒళ్లోనే ఉన్నాయి కాబట్టి చక్కగా కుదురుతుంది. వేళ్లు తాకనక్కర్లేదు కాబట్టి బాణీకి కూడా సరిపోతుంది. వీణ ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు, రామకోటయ్య గారిదే తీసి పెడతారు. నిలువెత్తు ఫొటో, ముఖద్వారం ఎదురుగా, కింద పేరు.

భీమశంకరం వెంటనే కాదనలేదు. అది ఆయన తప్పని ఎవరైనా అంటే అనొచ్చు గాని, ముఖద్వారం ఎదురుగా ఆవిడ పేరు అన్న మాట ఆయన్ను లాగింది. వీణ ఉంటే ఉందిలే, మొహం మాత్రం ఆవిడదే కదా అనుకున్నాడు. తాయారమ్మను అడుగుతానన్నాడు.

తాయారమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. ఆయన చెప్పిందంతా వింది. కత్తిపీట పక్కన పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆ ఫొటో తీసిన రోజు ఏం జరిగిందో మా అమ్మ చెప్పేది బాబూ," అంది. "నాయుడు ఆ వీణ తెచ్చి మా అమ్మమ్మ ఒళ్లో పెట్టబోయాడట. ఆవిడ చేత్తో అడ్డుకుందట. నాకు రానిది నేను పట్టుకోను, నాకు వచ్చింది నీ పెట్టెలో పట్టదు, ఊరికే తియ్యి అందిట. ఉత్త చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందుకే ఆ చూపు అలా ఉంటుంది."

డాక్టరు తల దించుకున్నాడు.

"నలుగురికీ చూపించమన్నాను గాని, ఆవిణ్ని మార్చి చూపించమనలేదు," అని ఆవిడ మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది.

ఆయన ఇంటికొచ్చి పశుపతికి ఫోన్ చేసి, వారసురాలు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను అని గట్టిగా చెప్పాడు. పశుపతి ఓపిగ్గా విన్నాడు. తరవాత నిబంధన వివరించాడు. గుర్తింపు పొందిన విద్వాంసుల వారసులకే అభ్యంతరం చెప్పే హక్కు ఉంది. వరదమ్మకు ప్రస్తుతం గుర్తింపు లేదు కాబట్టి ఆవిడకు వారసులు లేరు. వీణ పెట్టాక గుర్తింపు వస్తుంది, అప్పుడు తాయారమ్మ గారు వారసురాలవుతారు, అప్పుడు అభ్యంతరం చెప్పుకోవచ్చు.

"అప్పుడు వీణ తీసేస్తారా?" అని అడిగాడు డాక్టరు.

తీసేస్తే గుర్తింపు పోతుందనీ, గుర్తింపు పోతే అభ్యంతరం చెల్లదనీ పశుపతి చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో హేళనేమీ లేదు. కొంచెం అలసట మాత్రం ఉంది.

ప్రారంభోత్సవానికి తాయారమ్మకు ఆహ్వానం వచ్చింది. వీణ పెట్టేశారని దానితోనే తెలిసింది. వైణిక విదుషీమణి వరదమ్మ గారి మనవరాలిగా వచ్చి, జగన్నాథపురం బాణీలో ఒక కీర్తన వాయించాలని అందులో కోరారు. వెళ్లొద్దులెండి అన్నాడు డాక్టరు. వెళదాం అంది ఆవిడ. రాజ్యం కూడా బయల్దేరింది. ముగ్గురూ కార్లో విజయవాడ వెళ్లారు.

ముఖద్వారం దాటగానే ఎదురుగా నిలువెత్తున వరదమ్మ ఉంది. ఒళ్లో చెవి విరిగిన వీణ. కంప్యూటరు వాడు పనిమంతుడు, అతుకు ఎక్కడా కనిపించలేదు. వీణకు తగ్గట్టు ఉంటుందని పెదవుల చివర చిన్న చిరునవ్వు కూడా దిద్దాడు. తాయారమ్మ ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. తరవాత రాజ్యం చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

సభ మొదలైంది. పెద్దలందరూ మాట్లాడారు. కళాశాల పిల్లలు వేదిక మీద వరసగా కూర్చుని మెట్లు లేని వీణలు తాకకుండా వాయించారు. హాలంతా నిశ్శబ్దంగా విని చప్పట్లు కొట్టింది. తరవాత తాయారమ్మను పిలిచారు. ఆవిణ్ని తివాచీ మీద కూర్చోబెట్టి, ఒక వీణ తెచ్చి ఒళ్లో పెట్టారు.

ఆవిడ ఆ వీణను రెండు చేతులతో మెల్లిగా ఎత్తి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పక్కన పడుకోబెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. తరవాత పాడింది.

అది వాళ్ల ఇంట్లో అమ్మమ్మ నుంచి అమ్మకూ, అమ్మ నుంచి ఆవిడకూ వచ్చిన ఒక పదం. మాట తప్పిన మనిషి గుమ్మంలోకి వస్తే, లోపలి నుంచి ఒక ఆడది పలకరించే పలకరింపు. మొదట గొంతు జీరపోయింది. పై స్థాయిలో ఒకచోట తెగింది కూడా. ఆవిడ కంగారుపడకుండా అక్కడే ఆగి, ఊపిరి తీసుకుని, ఆ మాటనే ఇంకోలా అడిగింది. ఒక్కో మాటనూ తిప్పి తిప్పి అడుగుతూ పోయింది. కోపంగా ఒకసారి, ఎగతాళిగా ఒకసారి, ఇంక అడగడమెందుకులే అన్నట్టు ఒకసారి. ముందు వరసలో ఫోను చూసుకుంటున్న ఒకాయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర కాఫీ కప్పులు పట్టుకొచ్చినవాళ్లు అక్కడే ఆగిపోయారు. భీమశంకరం ఎన్నో ఏళ్లుగా మూసిన పెదవుల మొహాలు చూస్తూ, ఆ పెదవులు విప్పితే ఎలా ఉండేదోనని ఊహించుకున్న మనిషి. ఆయనకు కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని గుర్తు రాలేదు. అప్పుడు పుండరీకాక్షం గారు లేచి మైకు అందుకున్నారు. ఆరోజు ఆయన మధ్యలో వెళ్లిపోలేదు.

"ఈరోజు మనం చూసింది సామాన్యమైనది కాదు," అన్నారు. "జగన్నాథపురం బాణీలో తీగెను తాకకపోవడం వరకే మనకు తెలుసు. దానికి పై మెట్టు ఒకటుందని ఈ తల్లి చూపించారు. అసలు వీణనే తాకకపోవడం. అదీ పరాకాష్ఠ."

అప్పుడు చప్పట్లు మోగాయి. చాలాసేపు మోగాయి. శాలువా కప్పారు. పై తరగతుల్లో వీణను పక్కన పెట్టి కూర్చోవడం నేర్పాలని ఆ వేదిక మీదే తీర్మానించారు. పాట గురించి ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే అది కార్యక్రమ పత్రంలో లేదు.

తిరిగి వస్తుంటే, ఏలూరు దాటాక రాజ్యం అడిగింది, అందరూ విన్నారు కదా పిన్నిగారూ అని. తాయారమ్మ కిటికీ లోంచి బయటకి చూస్తూ, "విన్నారమ్మా. ఎవరి పాటో తెలీకుండా విన్నారు," అంది.

గ్యాలరీ బాగా నడిచింది. వీణ పెట్టిన వరదమ్మకు మంచి పేరు రావడంతో, స్టోర్ రూములో పడి ఉన్న వట్టి మనుషులందరికీ అదే ఏర్పాటు చేశారు. గాయకులందరి చేతుల్లోకీ వీణలు వచ్చాయి. మృదంగం పక్కకి పోయి సరిగా కనిపించని వాళ్లకూ వీణే పెట్టారు. ఇక ఒకే ఫొటో రెండు రకాలుగా ఉండటం రికార్డులకు మంచిది కాదన్న సమస్య వచ్చింది. గోడ మీద ఉన్నవి పూర్తి చిత్రాలు. స్టోర్ రూములో ఉన్న పాతవి, వాద్యం లేనివి కాబట్టి, అసంపూర్ణ ప్రతులు. అసంపూర్ణ ప్రతులను నాశనం చేయాలని మండలి నిర్ణయించింది.

పశుపతి మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ఆఫీసు ఫోను నుంచి కాదు. కాగితాలు ముక్కలు చేసే మిషను సోమవారం వస్తుందనీ, ఆదివారం ఆఫీసులో ఎవరూ ఉండరనీ, తాను మాత్రం పని ఉండి వస్తాననీ చెప్పి పెట్టేశాడు. భీమశంకరం ఆదివారం కారు తీసుకుని వెళ్లాడు. పశుపతి స్టోర్ రూము తలుపు తెరిచి, తాను వరండాలోకి వెళ్లి చెట్లు చూస్తూ నిలబడ్డాడు. డాక్టరు తన మనుషులందరినీ మెత్తటి బట్టల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

వరదమ్మను ఈసారి ఇంట్లో గదిలో పెట్టలేదు. ఆసుపత్రిలో, పళ్లు చూసే కుర్చీకి ఎదురుగా గోడకు పెట్టాడు. కింద ఒక చెక్క మీద 'ఆత్మకూరి వరదమ్మ, గాయని' అని రాయించాడు. కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎటూ కదల్లేరు కాబట్టి ఆవిణ్ని చూడక తప్పదు. డాక్టరు పని చేస్తూ ఆవిడ గురించి చెబుతూ ఉంటాడు. మధ్యలో అడ్డు ప్రశ్నలు వేయడానికి వాళ్లకు వీలుండదు. అప్పుడప్పుడు తాయారమ్మ వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటుంది. ఎవరైనా నొప్పి తగ్గి బయటికి వచ్చి, పాడేవారట కదండీ మీ అమ్మమ్మ గారు అంటే, ఒక చరణం వినిపిస్తుంది.

కొన్ని నెలలయ్యాక, బావమరిది గృహప్రవేశానికి కాకినాడ వచ్చిన పశుపతి దవడ పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు పైకెత్తేసరికి ఎదురుగా ఆవిడ ఉంది. ఒళ్లో ఉత్త చేతులతో, చిరునవ్వు లేకుండా. పశుపతి ఏదో అనబోయాడు గాని, అప్పటికే నోట్లో దూది ఉంది. డాక్టరు ఏ కథా చెప్పలేదు. పన్ను శుభ్రం చేసి, సిమెంటు నింపి, పుక్కిలించమన్నాడు.

పశుపతి పుక్కిలించి, మూతి తుడుచుకుని, కుర్చీలోంచి లేవలేదు.

"పాడేవారని నాకు మొదటి రోజే తెలుసండీ," అన్నాడు. "మా నాయనమ్మ చెప్పేది ఈవిడ గురించి. చిన్నప్పుడు తన తండ్రి భుజం మీద కూర్చుని విందిట."

"మరి ఆ సమావేశంలో ఒక్క మాట చెప్పలేకపోయారా?" అన్నాడు భీమశంకరం.

నాయనమ్మ మాటను ఏ గడిలో రాయాలో తెలియలేదన్నాడు పశుపతి. తరవాత లేచి గోడ దగ్గరకు వెళ్లి, జేబులోంచి ఫోను తీసి, ఒక ఫొటో తీసుకోవచ్చా అని అడిగాడు. డాక్టరు తలూపాడు. ఫొటో అద్దం మీద ట్యూబులైటు వెలుగు పడుతుంటే ఆయనే వెళ్లి దాన్ని ఆర్పాడు. పశుపతి ఒంగి, నిదానంగా, చేతులు కదలకుండా ఫొటో తీశాడు. వచ్చిందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

"ఇంట్లో పెట్టుకుంటాను," అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "ఆఫీసులో ఎవరికీ చెప్పకండి," అన్నాడు.